అప్‌డేట్: అమ్మకు పెట్టిన స్టిమ్యులేటర్ బ్యాటరీ మార్పించినం

మోషన్ ఆపుకోలేని సమస్యకు అమ్మకు పెట్టిన నరాల స్టిమ్యులేటర్ (నరానికి సన్నగ కరెంటు ఇచ్చే చిన్న పరికరం) నాలుగేండ్లకే పనిచేస్తలేదు, మళ్ల మొత్తం ఆపరేషనా అని అడిగిన కదా. మొత్తం కాదు. హన్మకొండ నుంచి హైదరాబాద్ తీసుకపోయినం. మెషీన్ పెట్టి చూస్తే వైరు బాగనే ఉన్నది, బ్యాటరీ అయిపోయింది.

త్రికాస్థిల (నడుము కింద వెన్నెముక చివర ఉండే ఎముకల) మూడో నరం పక్కనున్న వైరును ముట్టుకోలే. పిరుదు పైభాగంల పాత కోత దగ్గరనే తెరిచి, బ్యాటరీ ఉన్న డబ్బా తీసి కొత్తది పెట్టిండ్రు. ఆ జాగకే మత్తు, సాయంత్రానికి ఇంటికి పంపిండ్రు.

ఛార్జింగ్ లేని పాతరకం మామూలుగా 3 నుంచి 5 ఏండ్లు వస్తదట. కరెంటు ఎక్కువ పెడితే ఇంకా తొందరగ అయిపోతది. మాకు పెట్టినప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలే, అదే కోపం. ఛార్జింగ్ రకం 15 ఏండ్లు, ఆ పైన కూడా వస్తది, కానీ అప్పుడప్పుడు నడుముకు ఛార్జర్ కట్టుకోవాలె. అమ్మ ఫోన్‌కే ఛార్జింగ్ పెట్టదు! అందుకే ఛార్జింగ్ అక్కరలేని కొత్తరకం, 10 ఏండ్లకు పైన వచ్చేది పెట్టించినం. పాత వైరుకు అది సరిపోతదా అని ముందుగాల్నే అడిగి పెట్టుకోండి.