యుద్ధకాలపు రాజకీయ పత్రాలు 14 పెట్టెలు: సర్దడం ఎక్కడ మొదలుపెట్టాలి? (ప్రశ్న, జవాబులు. ప్రతి భాగం పైనున్నది రాసినవారి మారుపేరు.)

అటకమీదిపెట్టె:

ఒక చిన్న గ్రంథాలయానికి ఒక రాజకీయ కార్యకర్త దాచుకున్న కాగితాలన్నీ ఒకేసారి వచ్చాయి. 1938 నుంచి 1956 దాకా ఉన్నాయి. 14 అట్టపెట్టెలు, రెండు రేకు ట్రంకులు. సెన్సారువాళ్లు తెరిచి పట్టీ అంటించిన ఉత్తరాలు, సైక్లోస్టయిల్ సర్క్యులర్లు, కార్బన్ కాపీలు, కరపత్రాలు, పత్రికల కత్తిరింపులు, ఫొటోలు, నెగెటివ్‌లు, నాలుగు రీలు టేపులు, ఒక సైనిక దిక్సూచి. ఒక ట్రంకు తెరిస్తే వెనిగర్ లాంటి పుల్లటి వాసన. రెండోదాని అడుగున బూజు. కొన్ని కట్టల్లో తుప్పు పట్టిన గుండుసూదులు.

అడగాల్సినవి ఇవి. అన్నీ తేదీల వారీగా సర్దేస్తే వెతకడం తేలికవుతుందా? సూదులు తీసేయాలా? పెళుసుబారిన కాగితాలకు లామినేషన్ చేయించవచ్చా? స్కాన్ ఎలా చేయాలి, చేశాక అసలువి ఉంచాలా? ఒక ఫైల్లో "పోలీసులకు సమాచారం ఇచ్చినవాళ్లు" అని పేర్ల జాబితా ఉంది, దాన్ని చదువరులకు ఇవ్వొచ్చా?

దొంతర:

తేదీల వారీగా సర్దకండి. మిగతా పొరపాట్లు కొన్ని దిద్దుకోవచ్చు గానీ ఇది దిద్దుకోలేరు.

ఒక కవరు ఊహించండి. లోపల ఒక కరపత్రం, దాని వెనక పెన్సిల్‌తో నాలుగు పేర్లు, దానికే గుచ్చిన రైలు టిక్కెట్టు. రకాల వారీగా విడదీస్తే కరపత్రం ఒక పెట్టెలోకి, టిక్కెట్టు "ఇతరాలు" అనే గంపలోకి, కవరు చెత్తలోకి పోతాయి. కలిసి ఉన్నప్పుడే ఆ కరపత్రం ఎక్కడి నుంచి బయల్దేరి ఎవరికి చేరిందో చెబుతాయి. ఒకరి కాగితాలను ఇంకొకరి కాగితాలతో కలపకూడదన్న నియమాన్ని ఫ్రాన్సు ఆర్కైవ్‌లు (పాత పత్రాల భాండాగారాలు) 1841లోనే పెట్టుకున్నాయి. లోపలి వరుసను కూడా చెదరగొట్టకూడదని 1898లో ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు రాసిన చేతిపుస్తకం ఖాయం చేసింది. తేదీల వారీ వరుస కావాలంటే కంప్యూటర్లోని పట్టికలో ఒక్క క్షణంలో వస్తుంది, దానికోసం కాగితాలు కదిలించనక్కర్లేదు.

పని ఇలా సాగనివ్వండి. మూత తీయగానే పైనుంచి ఒక ఫొటో, ప్రతి కట్ట ఎత్తే ముందు ఇంకొకటి. పెట్టెకు ఒక అంకె, అందులో పైనుంచి కట్టకు ఒక అంకె: 3/12 అంటే మూడో పెట్టెలో పన్నెండో కట్ట. ఆ అంకె ఫోల్డరు మీద మెత్తటి పెన్సిల్‌తో రాయండి. కాగితం మీదే రాయక తప్పకపోతే వెనకవైపు కింది మూలన, నొక్కకుండా. స్టికీ నోట్లు వద్దు, ఊడదీశాక కూడా జిగురు పొర మిగులుతుంది. ఫోల్డరుకు సెంటీమీటరున్నర మందం చాలు. పెట్టె కిక్కిరిస్తే అంచులు నలుగుతాయి, సగం ఖాళీగా ఉంటే ఫోల్డర్లు నడుము వంచి కూర్చుంటాయి. మిగిలిన జాగాలో ఆమ్లం లేని అట్టను మడిచి ఆసరాగా పెట్టండి.

వివరణ పైనుంచి కిందికి రాయాలి. ముందు మొత్తం సేకరణకు: గుర్తు సంఖ్య, పేరు, ఎవరి కాగితాలు, ఏ తేదీల మధ్యవి, ఎంత పరిమాణం, ఏ స్థాయి వివరణ. ఆర్కైవ్ వివరణలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఏడి(జి) తప్పనిసరి అనేవి ఈ ఆరే. తర్వాత విభాగానికి, ఆ తర్వాత ఫోల్డరుకు. మొదటి పెట్టెలోనే కాగితం కాగితానికీ వివరం రాయడం మొదలుపెడితే మూడో పెట్టె దాటరు, మిగతా పదకొండూ ఎవరికీ అందవు.

తేదీ లేని కాగితానికి మీరు ఊహించిన సంవత్సరం చదరపు కుండలీకరణాల్లో, ప్రశ్నార్థకంతో: [1943?]. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి విసిరిన కరపత్రాలైతే మూలల్లో చూడండి. జర్మన్లపై బ్రిటన్ వేసినవాటిలో చాలావాటికి "జి" అనే అక్షరం, అమెరికా వేసినవాటికి "యు.ఎస్.జి." అని, పక్కనే వరుస సంఖ్య ఉంటాయి. అడుగున ముద్రించిన సంస్థ పేరును మాత్రం నమ్మేయకండి. శత్రువు పేరుతోనే శత్రువు మీదికి వదిలిన దొంగ కరపత్రాలు ఆ యుద్ధంలో కొల్లలు. "ప్రచురణకర్త" అని కాకుండా "ప్రచురణకర్తగా ముద్రించిన పేరు" అని రాసుకోండి.

సిరామరక:

బూజు ట్రంకును ఈ రోజే వేరే గదిలోకి మార్చండి. కాగితం తడిసిన 48 నుంచి 72 గంటల్లో బూజు లేస్తుంది. వేలితో తాకితే అంటుకుపోయి మరకలా సాగేది బతికున్న బూజు, పొడిలా రాలేది నిద్రపోతున్నది. బతికున్నదాన్ని తుడవకండి, లోపలికి రుద్దినట్టవుతుంది. ముందు తేమ తగ్గాలి. గదిలో సాపేక్ష ఆర్ద్రత 50 శాతం లోపుకు తెచ్చి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వండి. పొడిబారాక ఎన్-95 మాస్కు వేసుకుని మెత్తటి కుంచెతో, హెపా ఫిల్టరు (అతి సన్నటి దుమ్మునూ పట్టేది) ఉన్న వాక్యూమ్ క్లీనర్ గొట్టం వైపుకు ఊడ్చండి. ఎండలో పరవొద్దు, సిరా వెలిసిపోతుంది. తడి కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టడమంటే బూజుకు ఇల్లు కట్టివ్వడమే. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు మాత్రమే సంచి. అన్నీ సర్దాక గిడ్డంగిలో తేమ 35–50 శాతం మధ్య ఉండాలి. అంకె కంటే నిలకడ ముఖ్యం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది, ఏసీ అసలు లేని గది కంటే కొన్నిసార్లు ఎక్కువ చెరుపు చేస్తుంది.

సూదులు తీసేయాల్సిందే. కానీ లాగకండి, తుప్పు కాగితం పీచును పట్టుకుని ఉంటుంది. సూదికీ కాగితానికీ మధ్య సన్నటి పాలియెస్టర్ పట్టీ జొనపండి, పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండిటి మధ్య సూదిని మెల్లగా తిప్పుతూ వదులు చేసి, అప్పుడు జరపండి. స్టేపుల్ అయితే కాగితం తిప్పి వెనకనున్న రెండు కాళ్లనూ పలుచటి మొద్దు అలుగుతో ఒక్కొక్కటిగా నిలబెట్టి, అప్పుడు ముందునుంచి తల ఎత్తాలి. తీశాక ఆ కాగితాలను ఒక మడత కాగితంలో చుట్టి ఉంచండి, అవి ఒక కట్ట అన్న సంగతి పోకూడదు. కొత్త జెమ్ క్లిప్పు పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

లామినేషన్ వద్దే వద్దు. వేడికి కాగితం ఇంకా పెళుసవుతుంది, ఆమ్లం లోపలే ఇరుక్కుంటుంది, తిరిగి విడదీయలేరు. రెండు పాలియెస్టర్ షీట్ల మధ్య, అంచులు తెరిచి ఉంచితే చాలు. బొగ్గుగీతలు, రాలుతున్న సిరా ఉన్నవాటికి అదీ పనికిరాదు, ప్లాస్టిక్ మీది స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది. పి.వి.సి. కవర్లు దగ్గరికి రానివ్వకండి.

యుద్ధకాలపు కాగితం మీద ప్రత్యేకంగా కన్నేయాలి. కొరత వల్ల కర్రను నూరిన గుజ్జు, వాడేసిన కాగితాల గుజ్జు కలిపి చేశారు. అందులోని లిగ్నిన్ (కర్రలో ఉండే పదార్థం), సిరా పాకకుండా వేసిన పటిక, రోజిన్ (చెట్టు బంక) కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. అందుకే 1910 నాటి ఉత్తరం తెల్లగా ఉండి 1944 నాటిది చిప్స్‌లా విరుగుతుంది. పత్రికల కత్తిరింపులను ఉత్తరాల మీద పడుకోబెడితే గోధుమరంగు నీడ ఉత్తరానికి దిగుతుంది, మధ్యలో ఆమ్లాన్ని విరిచే క్షార నిల్వ ఉన్న కాగితం పెట్టండి. మార్జిన్లో చేతిరాత లేని కత్తిరింపులకు మంచి కాగితం మీద నకలు తీసుకుంటే సరిపోతుంది. చేతిరాత ఉన్నవాటిని అసలులాగే చూడండి.

సెన్సారు పట్టీని పొరపాటున కూడా పీకకండి. బ్రిటిష్ పట్టీల మీద "పి.సి. 90" అన్న ఫారం సంఖ్య, తెరిచిన పరీక్షకుడి అంకె ఉంటాయి. ఉత్తరంలోని మాటల కంటే ఆ పట్టీయే ఒక్కోసారి ఎక్కువ చెబుతుంది. కవరును ఉత్తరం నుంచి వేరుచేయొద్దు, తేదీ వేయని ఉత్తరానికి తపాలా ముద్రే ఆధారం.

రీలుచక్రం:

పుల్లటి వాసన సంగతి. అది అసిటేట్ (పాతకాలపు ఒక రకం ప్లాస్టిక్) ఫిల్ము కుళ్లుతున్న వాసన. ఆ ఆవిరి పక్కనున్న మంచి ఫిల్మునూ పాడుచేస్తుంది కాబట్టి నెగెటివ్‌లన్నీ కాగితాల నుంచి వేరుచేయండి. మూసిన పెట్టెలో ఎ-డి స్ట్రిప్ (ఆమ్లాన్ని రంగుతో చూపే కాగితం ముక్క) 24 గంటలు ఉంచితే రంగు మారుతుంది: నీలం మంచిది, ఆకుపచ్చ వైపు తిరిగితే మొదలైంది, పసుపు అయితే ముదిరింది. 1.5 స్థాయి దాటితే కుళ్లు తనంతట తాను వేగం పుంజుకుంటుంది, ఫ్రీజర్ తప్ప ఇంకేదీ ఆపలేదు. రెండు జిప్ సంచుల్లో పెట్టి గడ్డకట్టించండి. బయటికి తీసినప్పుడు సంచి తెరవకుండా ఒక రోజు ఆగండి, లేకపోతే చెమ్మ ఫిల్ము మీదే కూర్చుంటుంది.

అన్నీ అసిటేట్ అనుకోకండి. 1938 నాటివంటే తేలిగ్గా అంటుకునే నైట్రేట్ ఫిల్ము కూడా ఉండొచ్చు, కొడాక్ దాని తయారీ ఆపింది 1951లో. అంచు మీద "సేఫ్టీ" అని లేనివి, తేనెరంగుకు తిరిగి జిగటగా ఉన్నవి పక్కన పెట్టండి. నైట్రేట్ మండడానికి కావాల్సిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది, నీళ్లలో ముంచినా కాలుతుంది. గాలి చొరని డబ్బాలో బిగించొద్దు, మామూలు పోస్టులో పంపొద్దు. ఫిల్ము ఆర్కైవ్‌తోనూ అగ్నిమాపక శాఖతోనూ ముందు మాట్లాడండి.

దిక్సూచి ముల్లుకు చీకట్లో వెలిగేలా రేడియం అనే రేడియోధార్మిక పదార్థం పూసి ఉండొచ్చు. ముల్లు వెలగడం మానేసిందంటే రేడియం అయిపోయిందని కాదు. అయిపోయింది వెలుగునిచ్చే పొడి. రేడియం-226 సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం తెరవకండి, జిప్ సంచిలో పెట్టి చీటీ అంటించి, గాలి ఆడే చోట ఉంచండి. గ్యాస్ మాస్కు దొరికితే ముఖానికి పెట్టుకోవద్దు, కొన్నింటి వడపోతలో ఆస్బెస్టాస్ ఉంటుంది. గ్రెనేడు, తూటా లాంటివి కనిపిస్తే "పేలదులే" అనుకోకుండా, కదపకుండా పోలీసులకు చెప్పండి.

టేపు రీలును దీపానికి ఎదురుగా పట్టుకోండి. పక్కనుంచి వెలుతురు దూరి కనిపిస్తే అసిటేట్, దాన్ని లాగితే టక్కున తెగుతుంది. "ఏముందో చూద్దాం" అని పాత యంత్రంలో ఆడించొద్దు, మొదటిసారి ఆడించడమే రికార్డు చేయడం కావాలి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఆడియో ఫైలుగా రికార్డు చేయండి. మూలప్రతిలో గరగర శబ్దం తీసేయకండి, శుభ్రం చేయడం నకలు మీద.

అటకమీదిపెట్టె:

అందరికీ కృతజ్ఞతలు. ఒక చిక్కు: మొదటి రెండు పెట్టెలను సాయానికి వచ్చినవాళ్లు అప్పటికే తేదీల వారీగా సర్దేశారు, ఫొటోలు తీయలేదు. ఇక చేసేదేమీ లేదా? స్కానింగ్, జాబితా సంగతి కూడా చెప్పగలరు.

మూడోప్రతి:

స్కానింగ్‌కు 400 పిపిఐ (అంగుళానికి చుక్కలు), 24 బిట్ రంగు, కుదించని టిఫ్ (ఒక రకం బొమ్మ ఫైలు). ఎ4 పుట ఒక్కటి దాదాపు 46 ఎంబీ, పదివేల పుటలకు 460 జీబీ పైమాటే. 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌లకు 4,000 పిపిఐ. ఆటో క్రాప్ ఆపేయండి, కాగితం అంచు బొమ్మలో కనబడాలి. పల్చటి కార్బన్ కాపీల వెనక నల్ల కాగితం పెడితే రెండోవైపు రాత పైకి తేలదు. షీట్లను తానే లాక్కునే ఫీడర్ 1944 కాగితాన్ని నమిలేస్తుంది. ఫైలు పేరులో పెట్టె, ఫోల్డరు, పుట అంకెలు మాత్రమే. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్ఏ-256 (ఫైలు కొంచెం మారినా పట్టించే వేలిముద్ర లాంటి అంకె) లెక్కగట్టి పక్కన దాచి, ఏడాదికోసారి సరిచూడండి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో.

అసలువి పారేయడమన్న మాటే వద్దు. అలాగే అసలొక్కటే ఉంటే చాలన్న ధీమా కూడా వద్దు. 1973 జూలైలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సైనికుల రికార్డుల కేంద్రం కాలితే 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు పోయాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్మూ లేదు. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు రింగెల్‌బ్లూమ్ బృందం కూడబెట్టిన పత్రాలు వేర్వేరు విడతల్లో పాతిపెట్టడం వల్లే ఈమాత్రం మిగిలాయి. 1942లో రేకు పెట్టెల్లో పెట్టినవి 1946లో తవ్వితే నీళ్లు దిగి ఉన్నాయి. 1943లో పాలక్యాన్లలో పెట్టినవి 1950లో మెరుగ్గా బయటపడ్డాయి. మూడో భాగం ఇంతవరకు దొరకలేదు.

జాబితా: "మూసి ఉంచాలి" అని రాస్తే ఎవరూ ఎప్పటికీ తెరవరు. తెరిచే తేదీ రాయండి, దాతతో చేసుకునే ఒప్పందంలోనూ చేర్చండి. తూర్పు జర్మనీ రహస్య పోలీసు ఫైళ్ల కోసం జర్మనీ 1991లో చేసిన చట్టం మంచి నమూనా: తన ఫైలు తాను చూసుకోవచ్చు, అందులోని మూడో మనిషి వివరాలు నకలులో నల్లగా కొట్టేసి ఇస్తారు. కొట్టేయడం ఎప్పుడూ నకలు మీదే. పిడిఎఫ్‌లో నల్ల గడి అతికిస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి పేస్ట్ చేస్తే పేరు బయటికొస్తుంది. బొమ్మగా మార్చాకే ఇవ్వండి. ఇంకొకటి, ఉత్తరం కాగితం అందుకున్నవారిదైనా అందులోని మాటల హక్కు రాసినవారిది. చాలా దేశాల్లో రాసినవారు పోయాక 50 నుంచి 70 ఏళ్ల దాకా ఉంటుంది. ఈ దాత ఆ హక్కును మీకు ఇవ్వలేరు.

దొంతర:

జాబితా విషయంలో పై మాటతో ఒక్క పేచీ. అది ఒక పార్టీ మనిషి రాసుకున్న అనుమానాల పట్టిక, రుజువు కాదు. కేటలాగులో "సమాచారం ఇచ్చినవాళ్ల జాబితా" అని ఎక్కిస్తే ఆ ఆరోపణ మీ గ్రంథాలయం చేసినట్టవుతుంది. పైన రాసి ఉన్న శీర్షికను ఉల్లేఖన చిహ్నాల్లో పెట్టి, ఎవరి చేతిరాతో, ఏ ఫైల్లో ఉందో మాత్రం రాయండి.

సర్దేసిన రెండు పెట్టెలు పూర్తిగా పోయినట్టు కాదు. కాగితాలను పక్కపక్కన పరిచి ఎడమ పైమూల చూడండి. ఒకే సూది కింద ఉన్నవాటిలో తుప్పుమరక ఒకే చోట, పై పుటలో ముదురుగా మొదలై కిందికి పోనుపోను లేతగా ఉంటుంది. పురుగు తొలిచిన రంధ్రం దొంతర గుండా సాగుతుంది కాబట్టి రంధ్రాలు కలిసే కాగితాలు ఒకప్పుడు ఒకదానిపై ఒకటి ఉన్నవే. కత్తిరింపు నీడ పడిన ఉత్తరానికి ఆ కొలత కత్తిరింపే జత. మడత గీతలు, పంచ్ చేసిన రంధ్రాల దూరం, టైపు మిషన్‌లో విరిగిన అక్షరం కూడా పట్టిస్తాయి. కాగితాలను మళ్లీ కదిలించకుండా, దొరికిన జతలను పట్టికలో "వరుస ఊహించినది" అన్న గుర్తుతో రాసుకోండి. ఆ రెండు పెట్టెల వివరణలో వరుస ఎప్పుడు, ఎలా మారిందో కూడా ఒక వాక్యం చేర్చండి.