రాత్రి రన్ అంతా గ్రీన్ వస్తే రిలీజ్ చేసేయొచ్చా?

బెంజిసర్కిల్_టెస్టర్:
మాది విజయవాడలో చిన్న ఆఫీసు. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు బిల్లింగ్ యాప్ చేస్తాం. రోజూ రాత్రి సెలీనియంలో (బ్రౌజర్‌ని మనిషి బదులు తనే నడిపే టూల్) 640 టెస్టులు నడుస్తాయి. అన్నీ గ్రీన్, అంటే పాస్ అయితే ఇంకెవరూ చేత్తో చూడక్కర్లేదని మా మేనేజర్ తీర్మానం. పోయిన నెల అలాగే వదిలాం. మర్నాడే ఒక కొట్టు నుంచి ఫోన్: "18 టిక్కీలు (మిర్చి బస్తాలు) కొన్నాయనకు 36కి బిల్లు పడింది, నన్ను తిడుతున్నాడు" అని.

గుంటూరు వెళ్లి గుమస్తా పక్కన కూర్చున్నా. అక్కడ నెట్ నత్తనడక. ఆయన కాటా చీటీ చూసి బరువు కొట్టి సేవ్ నొక్కాడు. చక్రం తిరుగుతోంది. మళ్లీ నొక్కాడు. బయట నుంచి హమాలీ కేకేస్తే ఇంకోసారి నొక్కి లేచాడు. మా స్క్రిప్టు మాత్రం మర్యాదగా ఒక్కసారి నొక్కి, "సేవ్ అయింది" అని కనిపించేదాకా చేతులు కట్టుకుని నిలబడుతుంది. బగ్ రాస్తే డెవలపర్ "యూజర్ తప్పు" అని మూసేశాడు.

తెనాలి_స్క్రిప్టు:
ఆటోమేషన్‌ని ఎందుకండీ ఆడిపోసుకుంటారు? మెసేజ్ చూడమన్నారు, చూసింది. డేటాబేస్‌లో ఎన్ని బిల్లులు పడ్డాయో చూడమని మీరు రాయలేదు. మా దగ్గర రిగ్రెషన్ (మార్పు చేశాక పాతవన్నీ మళ్లీ పరీక్షించడం) చేత్తో చేస్తే ముగ్గురికి రెండు రోజులు పట్టేది, ఇప్పుడు 50 నిమిషాలు. మీ మాట విని వెనక్కి పోతే ఆ రెండు రోజులు ఎవరిస్తారు?

బెంజిసర్కిల్_టెస్టర్:
వెనక్కి పొమ్మనలేదండీ. 640 ఉండనివ్వండి. రిలీజ్‌కి ముందు ఒక పూట, తోచినట్టు యాప్‌ని కెలకడానికి ఒక మనిషిని ఇవ్వమంటున్నా.

అరండల్‌పేట_పాతకాపు:
యార్డులో కొనేవాడు టిక్కీలో పైన కనిపించే కాయ చూసి ధర చెప్పడు కదా, లోపలి కాయ తీయించి చూస్తాడు.
1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్ సంగతి తెలుసుగా. ఏరియన్ 4లో చక్కగా పనిచేసిన కోడునే అందులో పెట్టారు. కొత్త రాకెట్‌కి అడ్డంగా సాగే వేగం ఎక్కువ. ఆ వేగం తాలూకు 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోతే పట్టలేదు. సుమారు 40 సెకన్లకే ముక్కలైంది. కొత్త రాకెట్ వెళ్లే దారి లెక్కలతో ఆ భాగాన్ని ముందుగా పరీక్షించనే లేదు.

నైట్‌షిఫ్ట్_పిల్లి:
మా ఆఫీసులో బగ్గుల లెక్కే అప్రైజల్. నేను అక్షరదోషాలు 30 ఏరిపెట్టి పైకొచ్చా. ఇలాంటి డబుల్ ఎంట్రీ ఒక్కదాని వెంట రెండు రోజులు తిరిగిన అమ్మాయి కింద ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. డెవలపర్లేమో బగ్ చూపిస్తే పెళ్లిలో వంకలు పెట్టిన చుట్టాన్ని చూసినట్టు చూస్తారు.

తెనాలి_స్క్రిప్టు:
బెంజి గారూ, రోజు బిల్లుల మొత్తాన్ని సరిచూసే టెస్టు మీకు లేదా?

బెంజిసర్కిల్_టెస్టర్:
ఉంది. అప్పుడప్పుడు ఫెయిలవుతుంది. ఫ్లేకీ (ఊరికే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యేది) అని, ఫెయిలైతే మూడుసార్లు మళ్లీ నడిచేలా రీట్రై పెట్టాం. రెండోసారికి పాసైపోతుంది.

తెనాలి_స్క్రిప్టు:
ఫెయిలైనప్పుడు ఎంత తేడా?

బెంజిసర్కిల్_టెస్టర్:
ఇప్పుడే లాగ్ తీశా. సరిగ్గా ఒక బిల్లంత ఎక్కువ! సర్వర్ జవాబు ఆలస్యమై టైమౌట్ అయితే యాప్ తనంతట తనే రెండోసారి పంపుతోంది, సర్వర్ రెండూ రాసుకుంటోంది. గుమస్తా ఒక్కసారి నొక్కినా రెండు పడతాయన్నమాట. మార్చి నుంచీ ఉంది ఇది.

తెనాలి_స్క్రిప్టు:
మరి పట్టింది ఆటోమేషనే కదండీ.

బెంజిసర్కిల్_టెస్టర్:
అవును. దాని నోరు నొక్కింది మేమే.

అరండల్‌పేట_పాతకాపు:
"యూజర్ తప్పు" అని మూసినదాన్ని ముందు తెరవండి. ప్రతి బిల్లుకీ ఒక గుర్తు సంఖ్య పంపితే, అదే సంఖ్య రెండోసారి వచ్చినప్పుడు సర్వర్ కొత్తగా రాయకుండా ఆపొచ్చు.

బెంజిసర్కిల్_టెస్టర్:
తెరిచా. రీట్రై కూడా తీసేశా. రేపు పొద్దున రిపోర్టు ఎర్రగా వచ్చిందంటే మేనేజర్ గారు బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఉండగానే ఫోన్ చేస్తారు.