సింగ్‌నగర్‌లో మా సందు గోడ మీద వరద గీత: బొమ్మలు వేయిస్తే దాన్ని ఉంచాలా, కప్పేయాలా?

అడిగింది: టేపూ కత్తెరా

అందరికీ నమస్కారమండి. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటాను. మా సందు చివర ఒక పాత గోడౌన్ ప్రహరీ ఉంది, 40 అడుగుల పొడవు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు నీళ్ళు ఎంత ఎత్తున నిలబడ్డాయో ఆ గోడ ఇప్పటికీ చెబుతుంది. మొన్న నా టేపు పెట్టి కొలిచాను, 55 అంగుళాలు. కుట్టుపని టేపు మొత్తం 60 అంగుళాలే కదా. ఇంకాస్త పెరిగితే టేపు కూడా అందేది కాదు.

దగ్గరకెళ్ళి చూస్తే అది ఒక్క గీత కాదు. పైన ముదురు గోధుమరంగులో ఒకటి, దాని కింద బెత్తెడు బెత్తెడు దూరంలో సన్నగా ఇంకో నాలుగు. నీళ్ళు ఒక్కరోజులో పోలేదు, వారం దాటి మెల్లమెల్లగా తీశాయి. ఎక్కడ ఆగితే అక్కడ బురద పట్టేసింది. ఒకచోట గడ్డిపరక ఇంకా సున్నంలో అతుక్కునే ఉంది. ఇళ్ళకి అందరూ రంగులు వేయించుకున్నారు, గోడౌన్ గోడని ఎవరూ పట్టించుకోలేదు. అందుకే మిగిలింది.

ఈసారి చవితి చందాల్లో 18 వేలు మిగిలాయి. ఆ డబ్బుతో గోడంతా బొమ్మలు వేయిద్దామని మా కుర్రాళ్ళ ఆలోచన. ప్రకాశం బ్యారేజీ, అమ్మవారి కొండ, గాంధీ కొండ మీద స్తూపం, కొండపల్లి బొమ్మలు. గోడౌన్ ఆయన కూడా సరే అన్నాడు. నాకూ చాలా ఇష్టం. ఊళ్ళో గోడల మీద బొమ్మలు చూసినప్పుడల్లా మా వైపు ఎందుకు వేయరు అనుకునేదాన్ని. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగితే బెజవాడ అయిపోయినట్టే మాట్లాడతారు చాలామంది. మేమూ బెజవాడేనండి.

కానీ ఆ గీత మీద రంగు వేయడానికి మనసొప్పుకోవడం లేదు. మా అమ్మేమో "ముందు దాన్ని చెరిపించండే" అంటుంది. రెండు రోజులు మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన పరదా కట్టుకుని కూర్చున్నాం. నా రెండు మిషన్లూ, పెళ్ళివాళ్ళు ఇచ్చిన 11 జాకెట్టు ముక్కలూ కింద నీళ్ళలో. అమ్మకి ఆ గీత చూస్తే అవన్నీ గుర్తొస్తాయి. నాకూ గుర్తొస్తాయి, అందుకే ఉండాలంటున్నాను.

గీత ఉంచి బొమ్మ వేయడం కుదురుతుందా? చెమ్మ పట్టిన గోడ మీద రంగు నిలుస్తుందా? మీరైతే ఏం చేస్తారు?

జవాబు: గట్టు మనిషి

మాది పాయకాపురం. సారీ అండి, నేను మీ అమ్మగారి వైపే. అద్దెకి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది "నీళ్ళు ఎందాకా వచ్చాయి" అనే. గోడ మీద మనమే రాసిపెట్టుకోవడం ఎందుకు? పిల్లలకి మంచి బొమ్మలు కనబడనివ్వండి.

జవాబు: కుంచె మేస్త్రి

అమ్మా, నేను 30 ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నాను. ఫ్లెక్సీలు వచ్చాక షాపు బోర్డులు తగ్గి గోడల పనే ఎక్కువైంది. నాకు తెలిసింది చెబుతాను.

చెమ్మ గోడ మీద ఆయిల్ పెయింట్ వద్దు. లోపలి తడి బయటికి రాలేక రంగుని పొక్కులుగా లేపేస్తుంది, ఏడాది తిరక్కుండా పెచ్చులూడుతుంది. ముందు వైరు బ్రష్షుతో గోకి, నీళ్ళతో కడిగి, బాగా ఎండనివ్వండి. తెల్లగా ఉప్పు పూస్తే మళ్ళీ గోకాలి. ఆ తర్వాత బయటిగోడలకి వేసే ప్రైమరు, ఎమల్షన్. పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి, గోడ పొడిగా ఉంటుంది.

గీతకి ఇబ్బంది లేదు. పైగీత నుంచి కింది గీత దాకా మొత్తం ఒక పట్టీగా వదిలేయండి. పైనా కిందా దారానికి నీలం పొడి రాసి, ఇద్దరు చెరో కొస లాగి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే 40 అడుగులూ తిన్నగా గీత పడుతుంది. ఆ హద్దుకి అంటించే టేపు వేసుకుని రంగు వేయాలి. పట్టీని మాత్రం గోకొద్దు, కడగొద్దు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి రంగులేని కోటింగు ఒకటి వేస్తే చాలు. మీ గడ్డిపరక కూడా ఉంటుంది.

ఇంకో మాట. 18 వేలకి 40 అడుగుల నిండా నాలుగు రకాల బొమ్మలంటే అన్నీ గీకినట్టే వస్తాయి. ఒక్కటే ఎంచుకుని తీరిగ్గా వేయించండి. అడుగున రెండడుగులు ముదురు రంగు వేయండి, బండ్లు చిమ్మే బురద కనబడదు.

జవాబు: మూసీ పక్కన

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇంకా ఉంది. ఏటా ఆ రోజున కొందరు దాని కింద చేరి పోయినవాళ్ళని తలుచుకుంటారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి చూడటం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం. మా నాన్న నన్ను చార్మినార్‌కి ఎన్నిసార్లు తీసుకెళ్ళారో గుర్తు లేదు కానీ, ఆ చెట్టు చూపించిన రోజు మాత్రం బాగా గుర్తుంది. మీ గీత ఉంచండి.

జవాబు: రిటైర్డ్ సోషల్ మాస్టారు

అమ్మాయీ, బ్యారేజీ బొమ్మా వరద గీతా ఒకే కథ. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగింది. దాని బదులు కట్టిందే ఇప్పటి బ్యారేజీ, 1957లో తెరిచారు. మీ సందు మునిగిన మర్నాడే దాని మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయింది, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. అయినా నిలబడింది. ఆ కృష్ణ అందరికీ తెలుసు. బుడమేరు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో క్లాసులో అడిగితే చెప్పినవాళ్ళు తక్కువ. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఏరు అది. ఒక్క బొమ్మే వేయించేట్టయితే ఆ ఏరు దారి గీయించు, మీ సందు ఎక్కడుందో అందులో చూపించు.

మళ్ళీ: టేపూ కత్తెరా

అందరికీ థాంక్సండి. మేస్త్రిగారి జవాబు, మాస్టారి జవాబు అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఉంచితే ఉంచండి, కానీ పాల ప్యాకెట్లు పట్టుకుని పీకల్లోతు నీళ్ళలో వచ్చిన ఆ అబ్బాయి బొమ్మ కూడా వేయించండి" అంది. మూడో రోజున వచ్చాడు, ఏ ఊరో అడగలేదు మేం. మొహం గుర్తు లేదు, నెత్తిన నీలం టబ్బు గుర్తుంది.

కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. కొండపల్లి బొమ్మలు వచ్చే ఏడాదికి. ఇప్పుడు మైలవరం నుంచి కొల్లేరు దాకా ఏరు, మధ్యలో మా సందు, నీలం టబ్బుతో అబ్బాయి. గట్టు మనిషి గారూ, మీ మాటా నిజమే, మా వీధిలో కూడా రెండు పోర్షన్లు ఖాళీగా ఉన్నాయి. అయినా అడిగినవాళ్ళకి మేం అబద్ధం చెప్పలేం కదండి.

మేస్త్రిగారూ, సంక్రాంతి వెళ్ళాక మీకు వీలైతే ఒకసారి వచ్చి గోడ చూస్తారా? దారం పట్టుకోవడానికి మేమున్నాం.