తాతయ్య ఫొటోలో ఉన్న ఆ గొయ్యి దేనికి? రాంచీ ఫౌండ్రీ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

బొబ్బిలి_పిల్ల:
మా తాతయ్య రాంచీలో హెచ్‌ఈసీ (హెవీ ఇంజినీరింగ్ కార్పొరేషన్) ఫ్యాక్టరీ కట్టేటప్పుడు సివిల్ పనుల్లో సూపర్‌వైజర్. ఆయన పెట్టెలో ఒక ఫొటో దొరికింది, వెనకాల "ఫౌండ్రీ ఫోర్జ్" అని రాసుంది. షెడ్డుకి ఇంకా కప్పు లేదు, స్తంభాలే నిలబెట్టారు. మధ్యలో రెండంతస్తుల ఇల్లు దిగిపోయేంత గొయ్యి, నాలుగువైపులా కాంక్రీటు. ఫౌండ్రీ అంటే కొలిమి, పొగగొట్టం అనుకున్నాను. భూమిలో అంత లోతు ఎందుకు?

పాత_మౌల్డర్:
అమ్మా, అది పోత గొయ్యి, అంటే అచ్చు దించి అందులో కరిగిన ఉక్కు పోసే చోటు. నేను ఆ షాపులోనే మౌల్డింగ్‌లో చేశాను. రోలింగ్ మిల్లు హౌసింగ్ (ఉక్కును సాగదీసే రోలర్లని పట్టుకునే పెద్ద చట్రం) లాంటిది పోయాలంటే అచ్చే ఒక గదంత ఉంటుంది. నేల మీద పెట్టి పోస్తే కరిగిన ఉక్కు ఒత్తిడికి అచ్చు పక్కలు విచ్చుకుంటాయి. గొయ్యిలో దించి చుట్టూ ఇసుక దట్టంగా కూరితే కదలదు. లేడిల్ (కరిగిన ఉక్కు ఉండే పెద్ద బకెట్టు) మోసే క్రేన్ కూడా మరీ ఎత్తుకి లేవక్కర్లేదు.

కాంక్రీటు ముఖ్యంగా నీళ్లు ఊరకుండా. 1,550 డిగ్రీలు దాటిన ఉక్కు చెమ్మ మీద పడిందంటే నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది, ఉక్కు మనుషుల మీదికి చిమ్ముతుంది. రాంచీ వానలు తెలుసుగా. పోతకి ముందు అడుక్కి దిగి మూలమూలలా చేత్తో తడిమేవాళ్లం. ఎక్కడైనా తడి తగిలితే గ్యాస్ మంట పెట్టి ఆరబెట్టేదాకా పోత ఆపేవాళ్లం. గోడలో చిన్న బీట ఉన్నా మా ప్రాణాల మీదికి వచ్చేది. ఆ కాంక్రీటు అంత శ్రద్ధగా వేయించినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. మీ తాతయ్య వాళ్లలో ఒకరు.

గోదారి_గట్టు:
కొంచెం నేపథ్యం. రెండో పంచవర్ష ప్రణాళికలో భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలకి యంత్రాలు చాలావరకు విదేశాల నుంచే వచ్చాయి. ఆ యంత్రాలు ఇక్కడే చేసుకోవాలని 1958లో హెచ్‌ఈసీ పెట్టారు. ఫౌండ్రీ ఫోర్జ్ చెకొస్లొవేకియా సాయంతో, పక్కనున్న భారీ యంత్రాల ప్లాంటు సోవియట్ సాయంతో వచ్చాయి. 1963 నవంబర్ 15న నెహ్రూ జాతికి అంకితం చేశారు. అయితే ఆ నేల ఎక్కువగా ముండా, ఉరావ్ ఆదివాసీ కుటుంబాలది. వాళ్ల ఊళ్లు ఖాళీ చేయించి కట్టారు. ఆ సంగతి వదిలేసి ఈ ఫ్యాక్టరీ కథ చెప్పకూడదు.

పాత_మౌల్డర్:
నిజమే బాబూ. మా గ్యాంగులోనే భూమి పోయినవాళ్లు ఉండేవారు. సొంత పొలం ఎక్కడుండేదో షాపులో నిలబడి చూపించేవారు.

బొబ్బిలి_పిల్ల:
ఇదంతా ఇంట్లో ఎవరూ చెప్పలేదు మాస్టారూ. పోశాక ఎన్నాళ్లకి బయటికి తీసేవాళ్లు?

పాత_మౌల్డర్:
చిన్నవైతే ఒకట్రెండు రోజులు. పెద్దవి ఇసుకలోనే రోజుల తరబడి ఉంచేవాళ్లం. పై నుంచి డెలివరీ టెన్షన్ ఎంతున్నా తొందరపడి తీయకూడదు. పైపొర ముందు చల్లారి, లోపల ఇంకా వేడిగా ఉంటే చీలిపోతుంది. తీశాక రైజర్లు (పోత కుంచించుకుపోయేటప్పుడు లోహం అందించడానికి పైన వదిలే అదనపు దిమ్మలు) కోసి, ఎనీలింగ్ ఫర్నేస్‌లో మళ్లీ వేడిచేసి మెల్లగా చల్లార్చాలి. అప్పుడే మెషిన్ షాపు వాళ్లు ముట్టుకునేవారు.