సింగపూర్ జీతమా, జొహోర్ కాపురమా?

బరంపురం ఇల్లాలు:
నమస్తే అండీ. మా ఆయన పదేళ్ళుగా ఫ్యాక్టరీల్లో మెషిన్ మెయింటెనెన్స్ చేస్తున్నారు. ఇప్పుడు రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి సింగపూర్‌లో, ఎస్ పాస్ అనే పని పర్మిట్ మీద నెలకు 3,800 సింగపూర్ డాలర్లు. రెండోది దానికి ఆనుకుని ఉన్న మలేషియా ఊరు జొహోర్ బారులో, 7,000 రింగిట్లు. మా మరిది ఏమో "సింగపూర్‌లో ఉద్యోగం, జొహోర్‌లో కాపురం పెట్టండి వదినా, అందరూ అదే చేస్తున్నారు" అంటున్నాడు. పాపకు నాలుగేళ్ళు. పది రోజుల్లో జవాబు చెప్పాలి. ఒకటే టెన్షన్. రెండు చోట్లా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, డబ్బు సంగతే కాకుండా బతుకు ఎలా ఉంటుందో చెప్పరూ?

పర్లాకిమిడి వాడు:
చెల్లెమ్మా, నేను సింగపూర్‌లో ఐదేళ్ళు, తర్వాత జొహోర్‌లో మూడేళ్ళు చేసి వచ్చాను. ముందు మీ మరిది మాట తేల్చేద్దాం.

ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్ళడమంటే టిఫిన్‌కి ముందు పని. నీలమణి దుర్గమ్మకి దండం పెట్టుకుని, కూరగాయలు కొనుక్కుని వచ్చేస్తాం. ఒడిశాలో పెట్రోలు చవక కాబట్టి అటువాళ్ళు బళ్ళేసుకుని ఇటు వస్తారు. ఎవరూ ఆపరు. ఆ అలవాటుతోనే సింగపూర్ దిగిన కొత్తలో నేనూ మీ మరిదిలాగే అనుకున్నాను. రెండు దేశాల మధ్యనున్న కాజ్‌వే, అంటే నీళ్ళ మీద వేసిన రోడ్డు, కిలోమీటరు పొడవే కదా! రోజుకు మూడు లక్షల మందికి పైగా దాటుతారు. కానీ పనికోసం రోజూ దాటేవాళ్ళు ఎక్కువగా మలేషియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు. డాలరుకు మూడు రింగిట్ల పైనే వస్తాయి, ఇల్లు అక్కడే ఉంది, వాళ్ళకు లెక్క కుదురుతుంది. మనవాళ్ళకు ఇప్పుడు మలేషియాలో 30 రోజులు వీసా లేకుండా ఉండనిస్తున్నారు గాని, అది ఊరు చూసి పోయేవాళ్ళకు, కాపురం పెట్టేవాళ్ళకు కాదు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

(పెట్రోలు గొడవ అక్కడా ఉంది. మలేషియాలో చవక. అందుకని సింగపూర్ కార్లు ట్యాంకు ముప్పావు నిండి ఉంటేనే దేశం దాటాలని రూలు పెట్టారు. పాతపట్నం వాళ్ళకి ఈ రూలు పెడితే ఊరుకుంటారా?)

ఇంకో మాట. సింగపూర్‌లో భార్యాపిల్లలకు డిపెండెంట్ పాస్ రావాలంటే నెల జీతం కనీసం 6,000 డాలర్లు ఉండాలి. 3,800కి రాదు. అంటే ఆయన అక్కడ, మీరిద్దరూ బరంపురంలో.

నా సింగపూర్ బతుకంతా యీషూన్‌లో ఒక గది. ముగ్గురం. మనిషికి 450 డాలర్లు. ఇంటివాళ్ళు ముందే చెప్పారు, "లైట్ కుకింగ్ మాత్రమే" అని. గుడ్డు ఉడకబెట్టుకోవచ్చు, పోపు పెట్టకూడదు. ఒక ఆదివారం మా అమ్మ కట్టిచ్చిన ఎండు నెత్తళ్ళు కిటికీలన్నీ తీసి వేయించాను. సాయంత్రానికల్లా గది ఖాళీ చేయమన్నారు! బతిమాలి ఉన్నాను.

అలాగని ఆ ఊరిని తిట్టలేను. రాత్రి ఒంటిగంటకు షిఫ్ట్ దిగి నడిచి వచ్చేవాణ్ణి, ఒక్కరోజూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఎస్ పాస్ వాళ్ళకు కంపెనీయే మెడికల్ ఇన్సూరెన్స్ కట్టాలి, అది చట్టం. నా వేలు మెషిన్‌లో నలిగినప్పుడు చేతి డబ్బు పడలేదు. నెలకు లక్షకు దగ్గరగా ఇంటికి పంపాను. మా మేడ ఆ డబ్బే.

జొహోర్‌లో మా ఆవిడ, బాబు వచ్చారు. 1,300 రింగిట్లకు రెండు గదుల ఇల్లు. ఎన్ని నెత్తళ్ళు వేయించినా అడిగినవాడు లేడు. కానీ నలభై వేలు పంపితే గొప్ప. పైగా కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. మా బస్టాప్‌లో నిలబడితే బస్సు వచ్చేలోపు గడ్డం పెరిగేది. పాత మైవీ ఒకటి కొన్నాను. సింగపూర్‌లో అదే కారు కొనాలంటే ముందు పదేళ్ళ పర్మిట్ వేలంలో దక్కించుకోవాలి, దానికే ఒక్కోసారి లక్ష డాలర్లు దాటుతుంది. ఇక భద్రత అంటారా, జొహోర్‌లో బ్యాగు రోడ్డు వైపు వేలాడేసుకుని నడవొద్దని, లాక్కుపోతారని మా ఆవిడకు పక్కింటావిడ మొదటి రోజే చెప్పింది.

నన్ను అడిగితే జొహోర్. మా నాన్న అయితే సింగపూర్ అనే అంటారు, మేడ చూసి.

రాయగడ టీచరమ్మ:
పాప చదువు గురించి ఒక మాట. మనం ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అని పెరిగాం. సింగపూర్ బళ్ళలో మాతృభాషగా తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు గాని తెలుగు లేదు. మలేషియాలో ఫీజుల సంగతి చూసుకోండి. బయటి నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు ఎక్కువగా ప్రైవేటు బళ్ళకే వెళ్తారు. అక్కడ తరాల కిందట తోటల్లో పనికి వెళ్ళిన ఉత్తరాంధ్ర వాళ్ళ పిల్లలున్నారు. ఒకావిడ నాతో మాట్లాడితే మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది.

బరంపురం ఇల్లాలు:
ఆరు వేల సంగతి ఏజెంటు చెప్పనే లేదు అన్నయ్యా! జొహోర్ వాళ్ళ లెటర్‌లో మా ఇద్దరి పాస్ గురించి ఒక్క ముక్క లేదు.

పర్లాకిమిడి వాడు:
అక్కడ పాస్‌లలో కేటగిరీలుంటాయి, కుటుంబం రావడం దాన్నిబట్టే. ఏ కేటగిరీయో రాసి పంపేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వొద్దనండి. ఇంతకీ ఆయనకు కారు లైసెన్సు ఉందా?

బరంపురం ఇల్లాలు:
స్కూటర్‌కే ఉంది. రేపటి నుంచి నేర్చుకుంటానంటున్నారు.