ప్రెసిడెంట్ మారితే మన ఇంట్లో నిజంగా ఏం మారింది?

చిరుచినుకు: 2024 నవంబర్‌లో అమెరికాలో మొదటిసారి ఓటేశాను. ప్రెసిడెంట్ దగ్గర గడి నింపేసి, బ్యాలెట్ వెనకవైపున్న జడ్జీలు, స్కూల్ బోర్డు, పన్నుల ప్రశ్నలు అన్నీ ఖాళీగా వదిలేశాను. ఒక్క పేరూ తెలియదు మరి. నాలుగేళ్లకోసారి ఇంత టెన్షన్ పడతాం కదా, మీకు నిజంగా ఏం మారింది? పార్టీల గొడవ వద్దు, మీ ఇంట్లో జరిగింది చెప్పండి.

క్యూలో_పన్నెండేళ్లు: మాకు చాలా మారిందండీ. 2015లో హెచ్4 (హెచ్1బి ఉద్యోగుల భార్య లేదా భర్తకిచ్చే వీసా) వాళ్లలో కొందరు ఉద్యోగం చేసుకోవచ్చని రూల్ వచ్చాక మా ఆవిడ పనిలో చేరింది. 2017 తర్వాత ఆ రూల్ తీసేస్తామన్నారు. తీయలేదు. కానీ 2019లో హెచ్4 పొడిగింపుకి వేలిముద్రలు కూడా ఇవ్వాలన్నారు, దాంతో నెలల తరబడి ఆలస్యం. వర్క్ కార్డు గడువు ముగిసిన రోజు తను లాప్‌టాప్, బ్యాడ్జి ఇచ్చేసి, టేబుల్ మీది మొక్కని ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చింది. కొత్త కార్డు రావడానికి ఐదు నెలలు పట్టింది. అప్పటికి ఆ సీట్లో వేరే మనిషి. 2021లో ఆ వేలిముద్రల నిబంధన ఆపేశారు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, మా ఇంట్లో మాత్రం ఒక జీతం పోయింది.

గ్రీన్‌కార్డు సంగతి వేరు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి 1990 నాటి చట్టంలోది. క్లింటన్, బుష్, ఒబామా, ట్రంప్, బైడెన్ అందరూ వచ్చారు, మా క్యూ కదల్లేదు. అది కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేతిలో పని.

వడ్డీ_మోత: మేం 2023 చివర్లో ఇల్లు కొన్నాం. వడ్డీ 7 శాతం పైనే. పక్కింటివాళ్లు 2021లో 3 లోపు తీసుకున్నారు. రెండుసార్లూ ప్రెసిడెంట్ బైడెనే! వడ్డీల దారి చూపేది ఫెడ్, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు. దాని ఛైర్మన్‌గా పావెల్‌ని తెచ్చింది ట్రంప్, కొనసాగించింది బైడెన్.

తీరిక_లేదు: 2018 డిసెంబర్‌లో సరిహద్దు గోడ డబ్బు మీద ప్రెసిడెంట్‌కీ కాంగ్రెస్‌కీ పడక ప్రభుత్వం 35 రోజులు మూతపడింది. ఉద్యోగులకి తర్వాత జీతాలిచ్చారు. నాలాంటి కాంట్రాక్టర్లకి ఆ డబ్బు రాలేదు. అందుకే "ఎవరొస్తే ఏముందిలే" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

నిమ్మచెట్టు: నాలుగేళ్ల లెక్క కూడా తప్పే. ట్రంప్ మొదటి విడతలో సుప్రీం కోర్టుకి ముగ్గురు జడ్జీలను పెట్టారు. 2022లో అబార్షన్ హక్కు కొట్టేసే నాటికి ఆయన పదవిలో లేరు. ఆ ముగ్గురూ తీర్పు వైపే ఉన్నారు. నాకప్పుడు మూడో నెల. మా రాష్ట్రంలో ఏది కుదురుతుంది, ఏది కుదరదు అని డాక్టర్‌ని అడిగితే ఆవిడే లాయర్‌ని కనుక్కుని చెప్తానంది.

బడిగంట: చినుకు గారూ, మీరు వదిలేసిన వెనకవైపు గురించి ఒక మాట. మా దగ్గర స్కూల్ పన్ను పెంపు ఓటింగ్‌లో వీగిపోయింది. ఈ ఏడాది నా క్లాసులో 31 మంది. మ్యూజిక్ టీచర్ వారానికి ఒక్కరోజే వస్తుంది. వాషింగ్టన్‌లో ఎవరున్నా ఇది మారేది కాదు.

చిరుచినుకు: మా బాబు వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌కి వెళ్తాడు. ఆ పేర్లు ముందే ఎక్కడ చూడొచ్చు?

బడిగంట: మీ కౌంటీ ఎన్నికల వెబ్‌సైట్‌లో చూడండి. చాలాచోట్ల అడ్రస్ కొడితే మీ బ్యాలెట్ నమూనా వస్తుంది. స్కూల్ బోర్డు మీటింగులకి కూడా ఎవరైనా వెళ్లొచ్చు. మా దగ్గర పదిమంది రావడమే ఎక్కువ.