మూత్రనాళం: ఒకే మాట, రెండు గొట్టాలు

అనువాదకురాలు: ఆపరేషన్ అంగీకారపత్రం తెలుగు చేస్తున్నాను. మూత్రాశయంలోనూ కుడి కిడ్నీ గిన్నెలోనూ (కిడ్నీలో మూత్రం చేరే చోటు) క్యాన్సర్. రెండూ ఒకే విడతలో ల్యాప్రోస్కోపీతో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా సాయంతో, తీస్తారు. పాత ప్రతిలో ఇలా ఉంది: "కుడి కిడ్నీ, మూత్రనాళం, మూత్రాశయం తొలగిస్తాం. అవసరమైతే మూత్రనాళం కూడా." మొదటిది కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే యూరెటర్, రెండోది మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే యూరెత్రా. ఎలా విడదీయాలి?

తెలుగు మాస్టారు: బడి పుస్తకాల్లో యూరెటర్ మూత్రనాళం, యూరెత్రా ప్రసేకం. ప్రసేకం చక్కటి మాట, అభిషేకంలో ఉన్న ధాతువే. కానీ బడి దాటాక ఎవరి నోటా వినపడదు. యూరెటర్‌కు సంస్కృతంలో గవీని ఉంది. అథర్వవేదం మొదటి కాండ మూడో సూక్తంలో అది ద్వివచనంలో వస్తుంది, పక్కనే వస్తి, అంటే మూత్రాశయం. హిందీ వైద్య పరిభాషలో గవీని ఇప్పటికీ ఉంది. నాకెంతో ఇష్టమైన మాటే అయినా అంగీకారపత్రంలో పెట్టమనను.

యూరాలజీ సర్జన్: ఈ రెండూ కలిసిపోతే రోగి దేనికి ఒప్పుకున్నాడో రోగికే తెలియదు. యూరెటర్ 25–30 సెం.మీ. ఉంటుంది, అంతా తీయాల్సిందే. కిడ్నీ గిన్నె నుంచి మూత్రాశయం దాకా లోపలి పొర ఒకటే రకం కాబట్టి ముక్క మిగిలితే అందులో మళ్ళీ క్యాన్సర్ రావచ్చు. కిడ్నీని ఎక్కువగా కదపకముందే కణితికి దిగువన నాళానికి క్లిప్పు వేస్తాం, కణాలు కిందికి జారకుండా. తర్వాత మూడింటినీ ఎక్కడా తెగకుండా ఒకే సంచిలో వేసి బయటికి తీస్తాం. అందుకు ఒక గాటు పెద్దది చేయక తప్పదు, కనుక "కోత లేని ఆపరేషన్" అని మాత్రం రాయకండి.

యూరెత్రా సంగతి వేరు. మగవారికి దాదాపు 20 సెం.మీ., ఆడవారికి 4. మూత్రాశయాన్ని కోసిన అంచులో క్యాన్సర్ కణాలుంటే అదీ తీస్తాం. అది పోతే పేగుతో కొత్త మూత్రాశయం కట్టి మామూలు దారికి కలిపే వీలుండదు.

స్టోమా నర్సు: మూత్రాశయానికి "మూత్రసంచి" అనే మాట కూడా వద్దండీ. "మూత్రసంచి తీసేసి సంచి పెడతారు" అంటే, పెట్టిన సంచిని కొన్నాళ్ళకు తీసేస్తారనుకుంటారు. ఆడవారికైతే చాలాసార్లు గర్భసంచి కూడా తీస్తారు, ఒక్క వాక్యంలో మూడు సంచులు! చిన్నపేగు చివరి భాగంలో 15–20 సెం.మీ. ముక్క తీసుకుని, మిగిలిన ఎడమ కిడ్నీ నాళాన్ని దానికి కుడతారు. దాని కొసను పొట్ట మీద తెరుస్తారు. ఆ రంధ్రమే స్టోమా. దాని మీద అంటించే సంచి జీవితాంతం ఉంటుంది. కుట్టు మానేదాకా లోపల ఉంచే సన్నటి స్టెంటునూ వార్డులో "గొట్టం" అనే అంటారు. "గొట్టం తీసేశారు" అని విని కంగారుపడతారు.

అనువాదకురాలు: అయితే ఇలా మార్చాను: "కుడి కిడ్నీని, దాన్నుంచి మూత్రాశయానికి దిగే యూరెటర్‌ను, మూత్రాశయాన్ని కలిపి తీసేస్తాం. మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే దారి యూరెత్రా. మూత్రాశయాన్ని కోసిన అంచులో క్యాన్సర్ కనిపిస్తే దాన్నీ తీస్తాం. పొట్ట మీద అంటించే బయటి సంచి ఎప్పటికీ ఉంటుంది."

మాస్టారు: "కుడి", "ఎడమ" మాటలు ముద్దక్షరాల్లో పెట్టించండమ్మా.